మీ సొంత మెషీన్ మీదే ఫొటోలు చదివే పెద్ద ఏఐ మోడల్‌ను నడపడం ఎలా

ఫొటో చూపిస్తే అందులో ఏముందో చెప్పే ఏఐ కావాలంటే ఫోన్లో ఒక యాప్ చాలు. కానీ ఆ ఫొటో పట్టాదారు పాస్‌బుక్‌దో, అమ్మ స్కానింగ్ రిపోర్టుదో, ఆఫీసు అగ్రిమెంటుదో అయితే దాన్ని ఎవరి సర్వర్‌కో పంపడానికి మనసొప్పదు. అలాంటప్పుడే సొంత మెషీన్ మీద మోడల్ నడుపుకోవడం పనికొస్తుంది. ఫైల్ ఒకసారి డౌన్‌లోడ్ అయ్యాక ఇంటర్నెట్ తీసేసినా పని ఆగదు, కాగితం ఇల్లు దాటదు.

దీనికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నాలుగు మాటలు టైప్ చేయగలిగితే చాలు. అయితే చాలామంది ముందు గ్రాఫిక్స్ కార్డు కొనేసి, ఆ తర్వాత ఏ మోడల్ పడుతుందా అని వెతుక్కుంటారు. తిరగేసి చేయండి. ముందు లెక్క వేయండి, తర్వాత చేతిలో ఉన్న మెషీన్ మీదే చిన్న మోడల్‌తో మీ కాగితాలు చదివించి చూడండి. డబ్బు సంగతి ఆఖర్న.

ఒక మాట. కమాండ్లను ఇక్కడ పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను, మీరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. డ్యాష్ అన్న చోట '-' గుర్తు పెట్టాలి.

మొదట లెక్క

మోడల్ పేరు పక్కన 4బి, 12బి, 27బి అని కనిపించేది పారామీటర్ల సంఖ్య, అంటే మోడల్ తాను నేర్చుకున్నదంతా దాచుకునే అంకెలు ఎన్నో చెప్పేది. బి అంటే బిలియన్, అంటే వంద కోట్లు. ఒక్కో పారామీటర్‌ను 16 బిట్లలో దాస్తే రెండు బైట్లు పడుతుంది. గూగుల్ 2025 మార్చిలో విడుదల చేసిన జెమ్మా 3లో పెద్దది 27బి. దాన్ని అలాగే నడపాలంటే 54 జీబీ మెమరీ కావాలి. ఇళ్లలో ఉండే ఏ గ్రాఫిక్స్ కార్డుకూ అంత ఉండదు.

అందుకే క్వాంటైజ్ చేసిన ఫైళ్లు వాడతాం. ఒక్కో పారామీటర్‌ను 16 బిట్లకు బదులు దాదాపు 5 బిట్లలోకి కుదిస్తారు. ఫైల్ పేరులో క్యూ4_కే_ఎం అని ఉంటే అదే. లెక్క సులువు: పారామీటర్లను బిలియన్లలో తీసుకుని, బిట్లతో గుణించి, ఎనిమిదితో భాగిస్తే జీబీలు వస్తాయి. 27బి మోడల్ క్యూ4లో సుమారు 16.5 జీబీ, 12బి ఏడు జీబీ పైన, 4బి రెండున్నర జీబీ.

అంతటితో అయిపోలేదు. ఫొటోలు చూసే మోడల్‌కు కన్ను వేరే ఫైల్‌గా వస్తుంది. దాని పేరు ఎంఎంప్రోజ్ అని మొదలవుతుంది, జెమ్మా 3కి అది ఒక జీబీ లోపే. దాన్ని మాత్రం కుదించవద్దు, 16 బిట్లలోనే ఉంచండి. సైజు ఎలాగూ చిన్నది, కుదించి మిగుల్చుకునేదేమీ లేదు. దీనిపైన సంభాషణ గుర్తుంచుకోవడానికి మోడల్ కొంత మెమరీ వాడుకుంటుంది. అందుకు రెండు మూడు జీబీ వదలండి.

కాబట్టి 24 జీబీ కార్డులో 27బి హాయిగా కూర్చుంటుంది. 12 జీబీ కార్డులో 12బి పడుతుంది. 8 జీబీ ఉన్న ల్యాప్‌టాప్‌లో 4బి. మీ దగ్గర ఎంతుందో చూసుకోవాలంటే విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు చిప్) మీద నొక్కండి. డెడికేటెడ్ మెమరీ అన్న అంకే మనకు లెక్క. పక్కనే షేర్డ్ అని కనిపించేది మామూలు ర్యామ్, దాన్ని చూసి మురిసిపోకండి.

కుదింపు గురించి నా అభిప్రాయం: చిన్న మోడల్‌ను ఎనిమిది బిట్లలో నడపడం కంటే పెద్ద మోడల్‌ను నాలుగు బిట్లలో నడపడం మేలు. మూడు బిట్ల కిందకు మాత్రం దిగవద్దు. ఇంగ్లిష్‌లో ఇంకా తెలివిగా మాట్లాడుతున్నట్టే ఉంటుంది గానీ తెలుగు దగ్గర ముందు తడబడుతుంది. విభక్తులు తప్పుతాయి, మధ్యలో వేరే భాషలోకి జారిపోతుంది.

వేగం ఎంత వస్తుందో ముందే చెప్పవచ్చు

మోడల్ ఒక్కో టోకెన్ (మాట, లేదా మాటలో ముక్క) రాయడానికి మొత్తం పారామీటర్లను మెమరీ నుంచి ఒకసారి చదవాలి. అందుకని మెమరీ బ్యాండ్‌విడ్త్‌ను, అంటే సెకనుకు ఎన్ని జీబీలు చదవగలదన్న అంకెను, ఫైల్ సైజుతో భాగిస్తే సెకనుకు వచ్చే టోకెన్ల గరిష్ఠ హద్దు తెలిసిపోతుంది. 24 జీబీ ఉన్న ఎన్‌విడియా కార్డు ఆర్‌టీఎక్స్ 3090 బ్యాండ్‌విడ్త్ సెకనుకు 936 జీబీ. 16.5తో భాగిస్తే 56. వాస్తవంలో అంతకంటే తక్కువే వస్తుంది, అయినా మనం చదివే వేగానికి ఎక్కువే. అదే మోడల్‌ను డీడీఆర్4 3200 ర్యామ్ రెండు చానెళ్ల మీద, అంటే 51 జీబీ దగ్గర నడిపితే హద్దు మూడు. ప్రశ్న వేసి, టీ పెట్టుకుని వచ్చేసరికి రెండు పేరాలు వస్తాయి.

ఎం4 ప్రో చిప్ ఉన్న మ్యాక్ మినీది 273 జీబీ, అంటే పదహారు దాకా. మ్యాక్‌లలో ర్యామ్, గ్రాఫిక్స్ మెమరీ ఒకటే కాబట్టి ఎక్కువ ర్యామ్ ఉన్న మ్యాక్ ఈ పనికి బాగా నప్పుతుంది. కాకపోతే ర్యామ్ మొత్తాన్నీ గ్రాఫిక్స్‌కు ఇవ్వదు, కొంత సిస్టం కోసం అట్టిపెట్టుకుంటుంది.

ఇక్కడ తెలుగువాళ్లకు ఒక అదనపు ఖర్చుంది. యూనికోడ్ తెలుగులో ఒక్కో అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు యూటీఎఫ్-8లో మూడేసి బైట్లు. పాత మోడళ్ల పదపట్టిక 32 వేల టోకెన్లే. అందులో తెలుగుకు చోటు లేక ఒక్క మాటే పది పదిహేను ముక్కలయ్యేది. జెమ్మా 3 పట్టికలో 2,62,000 టోకెన్లున్నాయి, భారతీయ భాషలకు కాస్త చోటు దొరికింది. అయినా ఇంగ్లిష్‌తో పోలిస్తే తెలుగు మాటకు ఎక్కువ టోకెన్లే పడతాయి. సెకనుకు టోకెన్లు అవే వస్తున్నా తెలుగు జవాబు నెమ్మదిగా సాగినట్టు కనిపిస్తుంది. మీ మెషీన్‌లో లోపమేమీ లేదు.

ఇప్పుడు ఇన్‌స్టాల్

తొలిసారి అయితే మోడళ్లను దించి నడిపించే ఒల్లామా అనే ఉచిత ప్రోగ్రామ్‌తో మొదలుపెట్టండి. ఇన్‌స్టాల్ చేశాక కమాండ్ ప్రాంప్ట్‌లో 'ఒల్లామా రన్ జెమ్మా3:4బి' అని కొట్టండి. మూడు జీబీ పైచిలుకు దిగుతుంది. 27బి అయితే 17 జీబీ. రోజుకు రెండు జీబీ మొబైల్ డేటా మీద దీన్ని మొదలుపెట్టవద్దు, ఫైబర్ ఉన్న చోటే దించుకోండి. మధ్యలో కరెంటు పోయినా మళ్లీ అదే కమాండ్ ఇస్తే ఆగిన చోటి నుంచి అందుకుంటుంది.

దిగాక ప్రశ్న రాసి, దాని పక్కనే ఫొటో ఉన్న ఫైల్ పాత్ (ఫైల్ ఏ ఫోల్డర్లో ఉందో చెప్పే చిరునామా) ఇవ్వండి. ఫైల్‌ను లాక్కొచ్చి ఆ కిటికీలో వదిలినా పాత్ దానంతటదే పడుతుంది. అంతే, మోడల్ ఫొటో చూస్తుంది. నల్ల తెర అంటే ఇబ్బందిగా ఉంటే ఎల్ఎం స్టూడియో తీసుకోండి. అదీ ఉచితమే, బొత్తాలతో నడుస్తుంది.

కొన్నాళ్లు వాడాక పగ్గాలు మీ చేతిలో ఉండాలనిపిస్తే లామా.సీపీపీకి మారండి. గియోర్గి గెర్గనోవ్ 2023 మార్చిలో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఇది. జీజీయూఎఫ్ అనే ఫైల్ పద్ధతి దీన్నుంచే వచ్చింది. 2025 మే నుంచి దీని సర్వర్‌లోనే ఫొటోలు పెట్టే సదుపాయం ఉంది. ఎన్‌విడియా కార్డుకు క్యూడా బిల్డ్, ఏఎండీకి వల్కాన్ బిల్డ్ దించుకోండి. తర్వాత 'లామా-సర్వర్'కు డ్యాష్ హెచ్ఎఫ్ అని పెట్టి, హగ్గింగ్ ఫేస్ అనే మోడళ్లు పంచుకునే సైట్‌లో మోడల్ ఉన్న ఖాతా పేరు, మోడల్ పేరు ఇస్తే అసలు ఫైల్, కన్ను ఫైల్ రెండూ తనే తెచ్చుకుంటుంది. ఫైళ్లను మీరే విడిగా దించుకుంటే డ్యాష్ ఎం పక్కన మోడల్‌ను, డ్యాష్ డ్యాష్ ఎంఎంప్రోజ్ పక్కన కన్నును చూపించాలి. ఈ రెండోది ఇవ్వకపోతే మోడల్ గుడ్డిగా మాట్లాడుతుంది, ఫొటో పెట్టే వీలే రాదు. 'నా మోడల్ ఫొటోలు తీసుకోవడం లేదు' అనే ఫిర్యాదుల్లో ముందు చూడాల్సింది ఇదే.

మరో రెండు స్విచ్‌లు గుర్తుంచుకోండి. డ్యాష్ ఎన్‌జీఎల్ 99 అంటే మోడల్‌లోని అన్ని పొరలనూ జీపీయూకి ఎక్కించమని. డ్యాష్ సి 8192 అంటే సంభాషణకు అన్ని టోకెన్ల చోటు ఇవ్వమని. సర్వర్ మొదలయ్యాక బ్రౌజర్లో 'లోకల్‌హోస్ట్:8080' అని కొట్టి తెరిస్తే చాట్ పేజీ వస్తుంది, అందులో ఫొటో జత చేయవచ్చు.

ఫైళ్లను ఎస్ఎస్‌డీ మీదే పెట్టండి. 17 జీబీ ఫైల్ పాత హార్డ్ డిస్క్ నుంచి మెమరీలోకి ఎక్కడానికి రెండు నిమిషాల దాకా పడుతుంది, ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ మీద కొన్ని సెకన్లే.

ఫొటో దగ్గరే అసలు కథ

మోడల్ నడవడం సులువే. అది మీ కాగితాన్ని సరిగ్గా చదవడం వేరే సంగతి.

జెమ్మా 3 ఏ ఫొటోనైనా 896 పిక్సెళ్ల చదరంగా మార్చుకుని, దాన్ని 256 టోకెన్లుగా చూస్తుంది. మీరు 12 మెగాపిక్సెల్ ఫొటో ఇచ్చినా అంతే. ఎ4 కాగితం మీద 40 వరుసలున్నాయనుకోండి. ఒక్కో వరుసకు నిలువునా 22 పిక్సెళ్లు వస్తాయి. ఆ 22లోనే వరుసల మధ్య ఖాళీ, పైన గుడి, మధ్యలో అక్షరం, కింద వత్తు సర్దుకోవాలి. ఇంగ్లిష్ అక్షరానికి ఆ చోటు సరిపోతుంది. మన 'క్ష్మి'కి సరిపోదు. వత్తు చుక్కలా మారిపోతుంది, ప, ష, వ ఒకదాన్నొకటి పోలతాయి. మోడల్ అప్పుడు చదవడం మానేసి ఊహిస్తుంది. వాక్యం మాత్రం నున్నగా ఉంటుంది కాబట్టి మీకు అనుమానం రాదు.

మందు ఒకటే, ముక్కలు చేయడం. పేజీని అడ్డంగా నాలుగైదు భాగాలుగా కత్తిరించి, ఒక్కో ముక్కనూ విడిగా ఇవ్వండి. ముక్కల అంచుల్లో ఒకటి రెండు వరుసలు రెండింట్లోనూ పడేలా చూసుకోండి.

ఫొటోలు చదివే మరో మోడల్ క్వెన్ 2.5 వీఎల్. దాని పద్ధతి వేరు. అది ఫొటోను ఉన్న సైజులోనే చూస్తుంది, 28 పిక్సెళ్ల చదరానికి ఒక టోకెన్ చొప్పున. వినడానికి బాగుంది. కానీ ఫోన్ తీసిన 4000 × 3000 ఫొటోను అలాగే ఇస్తే 15 వేల టోకెన్లు దాటుతాయి. 8192 చోటు ఇచ్చి 15 వేలు కుక్కితే ఎర్రర్ వస్తుంది, లేదా ప్రోగ్రామే దాన్ని కుదించేస్తుంది. 1120 × 1456కి మీరే తగ్గించి ఇస్తే 2,080 టోకెన్లతో పోతుంది. పత్రాలు చదివించడమే మీ ప్రధానమైన పని అయితే క్వెన్ వరుసను, ఫొటో చూసి తెలుగులో వివరంగా రాయించుకోవాలంటే జెమ్మాను ఎంచుకోమంటాను. రెండూ దించుకుని ఒకే కాగితం మీద పోల్చి చూస్తే మరీ మంచిది.

పరీక్ష కోసం ఇంటర్నెట్‌లోని పిల్లి బొమ్మలు వద్దు. మీరు రోజూ చూసే కాగితం పెట్టండి. తెలంగాణ పాస్‌బుక్కుల్లో సర్వే నంబర్లు 214/అ, 214/ఆ అన్నట్టు ఉంటాయి. అకూ ఆకూ తేడా చివరి చిన్న వంపే. మోడల్ ఒకదాని బదులు ఇంకొకటి రాస్తే పొలమే మారిపోతుంది. ఇలాంటి పది పన్నెండు నంబర్లున్న పేజీ ఇచ్చి, వచ్చినదాన్ని అసలుతో వేలు పెట్టి సరిచూసుకోండి. అప్పుడు తెలుస్తుంది దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో. విస్తీర్ణం కాలమ్‌లో ఎకరాలకూ గుంటలకూ మధ్య ఉన్న చుక్కను కూడా వదలకండి.

అడిగే తీరు కూడా పనిచేస్తుంది. 'ఇందులో ఏముంది' అని అడిగితే కథ చెబుతుంది. 'కనిపించిన అక్షరాలను వరుసవారీగా ఉన్నవున్నట్టు రాయి, సరిదిద్దకు, చదవలేని చోట ప్రశ్న గుర్తు పెట్టు' అని అడగండి. టెంపరేచర్ అనే సెట్టింగ్‌ను సున్నాకు దించండి, ఊహాగానం కొంత తగ్గుతుంది. ముఖ్యమైన అంకెల కోసం అదే ముక్కను కొంచెం వేరుగా కత్తిరించి మళ్లీ ఇవ్వండి. రెండు జవాబులూ కలవకపోతే ఆ అంకెను మీరే చదువుకోవాలి. కలిసినా రిజిస్ట్రేషన్ కాగితం దగ్గర, మందుల మోతాదు దగ్గర కన్ను మీదే అయి ఉండాలి.

చేతిరాత సంగతి ఇప్పటికి పక్కన పెట్టండి. డాక్టరుగారి చీటీ అయితే మెడికల్ షాపు కుర్రాడే నయం.

ఇంకోటి. ఇవి బొమ్మలు చూసే మోడళ్లు, గీసేవి కావు. మాట వినే మోడళ్లు కూడా ఉన్నాయి, క్వెన్ 2.5 ఓమ్ని, జెమ్మా 3ఎన్ లాంటివి. ముందు ఫొటోల దగ్గర చెయ్యి తిరగనివ్వండి.

నెమ్మదిగా ఉంటే ఎక్కడ చూడాలి

'ఒల్లామా పీఎస్' అని కొడితే మోడల్ ఎంత శాతం జీపీయూలో ఉందో, ఎంత సీపీయూలో ఉందో చూపిస్తుంది. పూర్తిగా జీపీయూలో ఉంటేనే మనం వేసిన వేగం లెక్క వర్తిస్తుంది. పది ఇరవై శాతం బయటికి జారినా వేగం సగానికి సగం పడిపోతుంది.

విండోస్‌లో ఇంకో తిరకాసు ఉంది. ఎన్‌విడియా డ్రైవర్ కార్డు మెమరీ నిండగానే చెప్పాపెట్టకుండా మామూలు ర్యామ్‌లోకి మళ్లిస్తుంది. ఎర్రర్ రాదు, నత్తనడక మాత్రం మిగులుతుంది. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్‌మెమ్ ఫాల్‌బ్యాక్ పాలసీ అని ఉంటుంది, దాన్ని 'ప్రిఫర్ నో' అన్నదానికి మార్చండి. ఇక చోటు చాలకపోతే నేరుగా ఎర్రర్ ఇస్తుంది. అప్పుడు డ్యాష్ సి అంకె తగ్గించడమో, బ్రౌజర్లో తెరిచిపెట్టిన ముప్పై ట్యాబులు మూయడమో చేయవచ్చు. మానిటర్‌ను మదర్‌బోర్డ్ పోర్టుకు తగిలిస్తే తెర కోసం కార్డు వాడుకునే మెమరీ కూడా మిగులుతుంది. మీ ప్రాసెసర్లో గ్రాఫిక్స్ ఉంటేనే సుమా.

కార్డు చిన్నది, ర్యామ్ పెద్దది అయితే

8 జీబీ కార్డు, 32 జీబీ ర్యామ్ ఉన్నవాళ్లు నిరాశ పడనక్కర్లేదు. మిక్స్చర్ ఆఫ్ ఎక్స్‌పర్ట్స్ రకం మోడళ్లు చూడండి. వీటిలో పారామీటర్లు ఎక్స్‌పర్ట్‌లు అనే గుంపులుగా ఉంటాయి, ఒక్కోసారి కొన్ని గుంపులే పని చేస్తాయి. క్వెన్3 వీఎల్ 30బి-ఎ3బిలో మొత్తం 30 బిలియన్ల పారామీటర్లున్నా ఒక్కో టోకెన్‌కు పని చేసేవి మూడు బిలియన్లే. అంటే మెమరీలో చోటు 30కి కావాలి, చదవాల్సింది మాత్రం మూడే. అందుకే ర్యామ్ మీద కూడా ఓపిక పట్టగలిగే వేగం వస్తుంది. లామా.సీపీపీలో డ్యాష్ డ్యాష్ సీపీయూ-ఎంఓఈ అనే స్విచ్ పెడితే ఎక్స్‌పర్ట్‌ల భాగం ర్యామ్‌లో, మిగిలింది కార్డులో కూర్చుంటాయి. క్యూ4 ఫైల్ 18, 19 జీబీ ఉంటుంది కాబట్టి 16 జీబీ ర్యామ్‌తో ప్రయత్నించకండి.

ఇదే దారిలో పైకి వెళ్తే మెటా లామా 4 స్కౌట్ ఉంది, మొత్తం 109 బిలియన్లు, పని చేసేవి 17. నాలుగు బిట్లలోనే 65 జీబీ దాటుతుంది. 96 జీబీ ర్యామ్ ఉంటే నడుస్తుంది. ఇంటి పనికి అంత అవసరమా అంటే, నాకైతే అనిపించదు.

కొనాలనే అనుకుంటే

ముందు గూగుల్ కోలాబ్‌లో (గూగుల్ మెషీన్లను బ్రౌజర్ నుంచి వాడుకునే సేవ) ఉచితంగా దొరికే టీ4 కార్డు మీద, రహస్యం కాని ఫొటోలతో 12బి మోడల్‌ను పరీక్షించండి. దానికి 16 జీబీ ఉంది. అక్కడ చాలిందనిపిస్తే 24 జీబీ కార్డు జోలికి పోనక్కర్లేదు.

పోవాల్సివస్తే సెకండ్ హ్యాండ్ 3090 ఇప్పటికీ మంచి బేరమే. సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో అయినా, ఆన్‌లైన్‌లో అయినా, డబ్బు ఇచ్చేముందు కార్డును మెషీన్‌లో పెట్టించి, 'ఎన్‌విడియా-ఎస్ఎంఐ' కొట్టి 24 జీబీ చూపిస్తోందో లేదో చూడండి. పెన్ డ్రైవ్‌లో ఒల్లామా, మోడల్ ఫైళ్లు పట్టుకెళ్లి, అరగంట పాటు ఆపకుండా ప్రశ్నలు వేయించండి. వేడెక్కాక తెర మీద గీతలు రావడం, మెషీన్ రీస్టార్ట్ కావడం ఆ అరగంటలో బయటపడే అవకాశం ఎక్కువ. ఈ కార్డు 350 వాట్లు లాగుతుంది, 750 వాట్ల పవర్ సప్లై ఉండాలని ఎన్‌విడియానే చెబుతుంది. క్యాబినెట్‌లో పొడవు సరిపోతుందో టేపు పెట్టి కొలవండి.

కరెంటు, వేడి, తలుపు

మెషీన్ మొత్తం 500 వాట్లు లాగితే రెండు గంటలకు ఒక యూనిట్. బిల్లు భయపెట్టేంత కాదు గానీ మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో మూసిన గదిలో ఈ వేడి భరించడం కష్టం. 'ఎన్‌విడియా-ఎస్ఎంఐ డ్యాష్ పీఎల్ 250' అని అడ్మిన్‌గా కొడితే కార్డు 250 వాట్లు దాటదు. జవాబులు రాయడంలో అసలు ఆలస్యం మెమరీ దగ్గరే కాబట్టి వేగం పెద్దగా తగ్గదు. మెషీన్ రీస్టార్ట్ అయితే ఈ సెట్టింగ్ పోతుంది, మళ్లీ ఇవ్వాలి. ఇంట్లో ఫ్యాన్లకు పెట్టిన ఇన్వర్టర్ మీద దీన్ని నడపకండి. ఫైళ్లు భద్రంగా మూసుకునేంత సేపు నిలిచే యూపీఎస్ ఒకటి చాలు.

ఇంట్లో మిగతావాళ్లు ఫోన్ల నుంచి వాడాలంటే సర్వర్‌కు డ్యాష్ డ్యాష్ హోస్ట్ 0.0.0.0 ఇవ్వాలి. అప్పుడు అదే వైఫైలో ఉన్న ఎవరైనా తెరవగలరు. కాబట్టి డ్యాష్ డ్యాష్ ఏపీఐ-కీ పెట్టి ఒక పాస్‌వర్డ్ లాంటిది ఇవ్వండి. రౌటర్లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి ఇంటర్నెట్ నుంచి ఇంటి మెషీన్‌కు దారి) మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవకండి. కాగితం ఇల్లు దాటకూడదనే కదా ఇంత చేసింది. ఊరెళ్లినప్పుడు కావాలంటే టెయిల్‌స్కేల్ లాంటి ప్రైవేట్ నెట్‌వర్క్ ద్వారా ఇంటి మెషీన్‌లోకి రండి.

ఒల్లామా ఐదు నిమిషాలు ప్రశ్న రాకపోతే మోడల్‌ను మెమరీ నుంచి దించేస్తుంది, మళ్లీ అడిగినప్పుడు ఎక్కించుకుంటుంది. పగలంతా అప్పుడప్పుడూ వాడేవాళ్లు విండోస్ సెట్టింగ్స్‌లో ఒల్లామా_కీప్_అలైవ్ (పెద్ద అక్షరాల్లో) అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 1హెచ్, అంటే గంట సేపు, అని ఇస్తే ఆ ఎదురుచూపు తప్పుతుంది. కొత్త మోడల్ వచ్చిందని ఎవరైనా చెబితే దించుకోండి, కానీ మీ పరీక్ష పేజీ మీద అది పాతదాన్ని ఓడించేదాకా పాత ఫైల్‌ను డిలీట్ చేయకండి.